ఊ కొట్టరాదు

జీడివలసలో జనానికి దిగులు తగ్గిపోతోందని తెలిసిన రోజు మా సంస్థలో ఎవరికీ అన్నం సహించలేదు.

మా సంస్థ పేరు అల్పసేవిత జనసమూహ మానసిక ఆరోగ్య పరిశోధనా కేంద్రం. పేరంతా పలికేలోపు అవతలివాళ్లు ఫోన్ పెట్టేస్తున్నారని మేం ఉత్త 'కేంద్రం' అంటాం. ఎవరికీ పట్టని మనుషుల మనసుల్లో ఏముందో కనుక్కోవడం కేంద్రం ఆశయం. కనుక్కున్నాక ఏం చేయాలన్నది రెండో దశ. రెండో దశకి ప్రతిపాదన ఇంకా ఎవరూ రాయలేదు. మా దగ్గర ముగ్గురు మానసిక వైద్య నిపుణులున్నారు. ముగ్గురూ పెద్ద చదువులు చదివినవాళ్లే. రోగిని మాత్రం ముగ్గురిలో ఒక్కరూ చూడరు. చూస్తే పరిశోధనలోకి పక్షపాతం వస్తుందట.

నా పేరు వరహాలు. కాంట్రాక్టు మీద పనిచేసే క్షేత్ర పరిశీలకురాలిని. జీడివలసలో ఆడవాళ్లందరూ జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే పనిలో ఉంటారు. నెలకోసారి అక్కడికి వెళ్లి, నా వంతుకొచ్చిన అరవై మందిని తలా తొమ్మిది ప్రశ్నలు అడిగి, జవాబులు రికార్డు చేసి, మార్కులు వేసుకుని రావడం నా ఉద్యోగం. నిద్ర పడుతోందా, తిండి తినబుద్ధవుతోందా, బతకాలని ఉందా, ఇలాంటివి. మార్కులు ఇరవై ఏడుకి. ఈ పరీక్షలో సున్నా వచ్చినవాడు అదృష్టవంతుడు. కేంద్రానికి మాత్రం వాడి వల్ల ఏ ఉపయోగమూ లేదు.

పరిశోధన పేరు 'చికిత్స అందని దిగులు, దాని సహజ గమనం'. కాలం పద్దెనిమిది నెలలు. అన్నాళ్లూ అందని చికిత్స అందకుండానే ఉండాలి. అది మా బాధ్యత. అందుకని మొదటి రోజే మా డైరెక్టరు విశ్వంభరం గారు స్వయంగా జీడివలస వచ్చి, ఈ పద్దెనిమిది నెలలూ మాకు చెప్పకుండా వేరే వైద్యం చేయించుకోబోమని అందరిచేతా వేలిముద్ర వేయించుకున్నారు. తీరా చూస్తే ఆడవాళ్లవి సగానికి పైగా ముద్రలే పడలేదు. పిక్కల్లోంచి జీడి రసం కారి కారి వేళ్ల మీద గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. అప్పుడు ఆయన ఉదారంగా నోటిమాట చాలన్నారు.

జోగమ్మ అలా నోటిమాట ఇచ్చిన మనిషి. యాభై ఏళ్లుంటాయి. ఇరవై రెండేళ్లు ఫ్యాక్టరీలో ఒకే గంపకి ఇటువైపు ఆమె, అటువైపు పైడితల్లి అనే ఆవిడ కూర్చుని పిక్కలు కొట్టారు. నేను మొదటిసారి వెళ్లడానికి నెల ముందు పైడితల్లి జ్వరం వచ్చి చనిపోయింది. అప్పటినుంచి జోగమ్మ పనికి వెళ్లడం లేదు. ముద్ద నోట్లో పెట్టుకుని మింగడం మర్చిపోతోందని కూతురు చెప్పింది. మా ఫారంలో 'మరణించిన వ్యక్తితో బంధుత్వం' అని ఒక గడి ఉంది.

"ఆవిడ నీకేమవుతుంది?" అని అడిగాను.

"ఏటీ అవదు తల్లీ. ఎదురుగుండా కూకునీది."

ఆఫీసుకి ఫోన్ చేసి అడిగితే 'వర్తించదు' అని రాయమన్నారు. ఊళ్లోవాళ్లు కూడా దాదాపు అదే అన్నారు. మొగుడు పోతే ఏడుస్తారు, బిడ్డ పోతే ఏడుస్తారు, గంపకి అవతల కూర్చున్న మనిషి పోతే ఇన్నాళ్లు ఏడుపేమిటని. అందుచేత ఆ సంగతి వినే దిక్కు ఆమెకి నేనొక్కదాన్నే అయ్యాను. నెలకోసారి రెండు గంటలు పైడితల్లి గురించి చెప్పేది. పైడితల్లి ఎలా నవ్వేది, ఎవరిని ఏమని తిట్టేది, మధ్యాహ్నం ఎవరి క్యారేజీలో కూర ఎవరు తినేవారు. మొదటి నెల పంతొమ్మిది మార్కులు. మూడో నెలకి పన్నెండు. "నిన్న రెండు ముద్దలు తిన్నాను, నీతో సెప్దారని గేపకం ఎట్టుకున్నాను" అంది.

నాకు సంతోషం వేసింది. సంతోషించడం నా ఉద్యోగంలో లేదని నాలుగు రోజుల్లో తెలిసింది.

మూడో నెల లెక్కలు చూసి విశ్వంభరం గారు అత్యవసర సమావేశం పెట్టారు. ఊరి సగటు పదహారు నుంచి పదకొండుకి పడిపోయింది.

"ఇది అత్యంత ఆందోళనకరమైన మెరుగుదల" అన్నారాయన. "చికిత్స లేకుండా దిగులు ఎలా తగ్గుతుంది? ఎక్కడో ఎవరో లోపాయికారీగా సేవలందిస్తున్నారు. అల్పసేవిత జనాభా కాస్తా సేవిత జనాభాగా పరిణమిస్తే మన ఉనికి ఏం కావాలి?"

డిప్యూటీ డైరెక్టరు డాక్టర్ హైమవతి గారు వానలు పడ్డాయేమో అన్నారు. పడలేదు. ఊళ్లోకి స్వాములవారెవరైనా వచ్చారేమో అన్నారు. రాలేదు. చివరికి రికార్డింగులు పెట్టి వినమన్నారు. సూరయ్య అనే ముసలాయన నలభై నిమిషాలు తన ఎద్దుల గురించి చెబుతున్నాడు. విశ్వంభరం గారు చెయ్యెత్తి ఆపించారు.

"మధ్యమధ్యలో ఆ ధ్వని ఏమిటి?"

"ఏ ధ్వని సార్?"

మళ్లీ వినిపించారు. "అదుగో. మళ్లీ. అదుగో."

"అది నేనే సార్. ఊ కొడుతున్నాను."

"ఎందుకు?"

నా నలభై మూడేళ్ల జీవితంలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "మనిషి చెబుతుంటే ఊ అంటాం కదా సార్. అనకపోతే వాళ్లు ఆపేస్తారు" అన్నాను.

ముగ్గురు నిపుణులూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ సాయంత్రానికల్లా రికార్డింగులన్నీ విని లెక్క తేల్చారు. సూరయ్యకి రెండు వందల పన్నెండు ఊలు. జోగమ్మకి ఆరు వందల నలభై. ఎవరికి ఎన్ని ఊలు పడ్డాయో వారికి అంత దిగులు తగ్గింది. హైమవతి గారు గ్రాఫు గీసి గోడకి అంటించారు. నన్ను చూసి, "నువ్వు మూడు నెలలుగా లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నావు" అన్నారు.

మర్నాడు సర్క్యులర్ నంబరు పదిహేడు వచ్చింది.

'పై విషయమును పురస్కరించుకొని క్షేత్ర సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ముఖాముఖి సందర్భమున సిబ్బంది నోటి ద్వారా గాని, ముక్కు ద్వారా గాని వెలువరించు ఊకారాది సానుభూతి ధ్వనులు అనధికార చికిత్సగా పరిగణింపబడును. కావున ఇకమీదట ఊ కొట్టరాదు.'

పది రోజులకి సవరణ ఒకటి. నేను ఊ మానేసి 'ఆ' అంటున్నానట. ఆ, ఓ, అయ్యో, అలాగా, నోటితో చప్పరించడం, తల ఆడించడం అన్నీ చేర్చారు. ఆ తర్వాత జీడివలస నుంచి ఎవరో ఆఫీసుకొచ్చి అటెండరు సత్యంతో కష్టం చెప్పుకుంటే అతను రెండుసార్లు ఊ అన్నాడు. దాంతో సవరణ రెండు. ఊ నిషేధం కార్యాలయ ప్రాంగణానికి, అందులోని సమస్త వ్యక్తులకు వర్తించును.

తటస్థ ముఖం ఎలా పెట్టాలో నేర్పడానికి హైదరాబాదు నుంచి ఒక నిపుణుడొచ్చాడు. రెండు రోజులు మమ్మల్ని అద్దాల ముందు కూర్చోబెట్టి, తల్లి పోయిన వార్తలూ లాటరీ తగిలిన వార్తలూ చదివి వినిపించాడు. మొహంలో ఏదీ కదలకూడదు. అందరిలోకీ సత్యం మొహం ఆదర్శప్రాయంగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చారు. అతను నిద్రపోతున్నాడని తర్వాత తెలిసింది.

తటస్థ ముఖంతో జీడివలస వెళ్లాను. సూరయ్య ఎద్దుల కథ మొదలుపెట్టి నాలుగు మాటలన్నాక ఆగి, నా మొహం ముందు చెయ్యి అటూ ఇటూ ఆడించాడు.

"ఉన్నావేటి తల్లీ?"

"ఉన్నాను. చెప్పండి."

మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ ఆగాడు. "నాను సెప్పింది నీకు బోధపడ్నేదా?" అని ఎద్దుల పేర్లతో సహా మొదటికొచ్చాడు. మూడోసారి లేచి లోపలికి వెళ్లిపోయాడు. పక్కింటావిడ నామీద కోపమా అని అడిగింది. మరొకావిడ, నేనేదో తినకూడనిది తిన్నానని వాము నీళ్లు కాచి తెచ్చింది. వీధి చివరికొచ్చేసరికి నాకెవరో మందు పెట్టేశారని నిర్ధారణ చేసేసి, నలుగురు కూర్చోబెట్టి ఎండుమిరపకాయలతో దిష్టి తీశారు. దిష్టి తీయించుకోవడం గురించి సర్క్యులర్‌లో ఏమీ లేదు కనుక నేను అభ్యంతరం చెప్పలేదు. వాళ్లు నామీద జాలిపడుతుంటే తటస్థ ముఖం నిలబెట్టుకోవడానికి చచ్చేంత పనయింది.

జోగమ్మ మాత్రం ఏమీ అడగలేదు. పైడితల్లి పేరెత్తి, నావైపు చూసి, "నీకూ ఇసుగొచ్చినాదా" అని ఊరుకుంది. ఆమె పద్దెనిమిది నిమిషాల రికార్డింగులో పదిహేడు నిమిషాలు కాకుల అరుపులే ఉన్నాయి.

రెండు నెలల్లో ఊరి సగటు పదిహేడుకి పెరిగింది. దిగులు పుంజుకుందని కేంద్రంలో మిఠాయిలు పంచారు. జోగమ్మకి ఇరవై రెండు. ఆ కాగితం చూసి హైమవతి గారు, "ఈవిడ మన దగ్గరున్న అత్యుత్తమ డేటా. జాగ్రత్తగా చూసుకో" అన్నారు.

"జిల్లా ఆసుపత్రిలో గురువారం గురువారం మనసు డాక్టరు గారు చూస్తారు మేడమ్. జోగమ్మని పంపుదామా?"

"చూసుకోమన్నాను, చూపించమనలేదు" అన్నారు హైమవతి గారు.

రాతపూర్వకంగా అడిగాను. 'తమరి లేఖ అందినది. చికిత్స పొందిన వ్యక్తి చికిత్స అందని వ్యక్తిగా కొనసాగు అవకాశము లేనందున సదరు విన్నపము తిరస్కరించడమైనది' అని జవాబొచ్చింది. ఆమె అన్నం తినడం లేదని మళ్లీ రాశాను. 'తమరు పేర్కొన్న లక్షణము ప్రశ్న ఐదు కింద ఇప్పటికే నమోదై ఉన్నది' అన్నారు. బతకాలని లేదంటోందని మూడోసారి రాస్తే, ప్రశ్న తొమ్మిది అన్నారు.

ఈ ఉద్యోగం పోతే పోనీ, నేనే తీసుకెళ్లిపోతానని ఒకరోజు జోగమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె రానంది.

"పెద్దసారు మంచం మీద కూకుని నన్ను 'అమ్మా' అని మాటడిగినారు. పద్దెనిమిది నెల్లు అన్నారు. ఏలిముద్ర పడ్నేదు గదా, మాటైనా నిలబెట్టుకోవాల గదా. ఆ సారు ఎల్లమంటే ఎల్తాను."

మాట చెల్లని చోట మాటిచ్చావని ఆమెకి ఎలా చెప్పను? తిరిగొచ్చేశాను.

ఇంతలో కేంద్రానికి కొత్త ఉత్సాహం వచ్చింది. మా గ్రాఫు ఢిల్లీలో పెద్దల కళ్లబడిందట. ఊ పనిచేస్తుందని తేలింది కనుక, ఊ మీదే పరిశోధన చేయమన్నారు. ఊరిని రెండుగా చీల్చారు. ముందు వీధికి ఊ ఇస్తారు, వెనక వీధికి ఇవ్వరు. జోగమ్మది వెనక వీధి.

అయితే మా నోటితో అనే ఊ శాస్త్రీయం కాదన్నారు. ఒక్కోసారి పొడుగ్గా, ఒక్కోసారి పొట్టిగా, ఒక్కోసారి జలుబుతో వస్తుంది. ప్రామాణిక ఊ నిర్ధారణకి కమిటీ వేశారు. కోస్తా ఊనా, తెలంగాణ ఊనా, సీమ ఊనా అని మూడు సమావేశాలు జరిగాయి. ఏ ప్రాంతానికీ చెందని ఊ కావాలని తీర్మానించి, రేడియోలో వార్తలు చదివి రిటైరైన ఒకాయన చేత స్టూడియోలో అనిపించారు. దాన్ని సబ్బుపెట్టె అంత యంత్రంలో పెట్టారు. ఎదుటి మనిషి మాట్లాడుతున్నంతసేపూ తొమ్మిది సెకన్లకోసారి అది గంభీరంగా 'ఊ' అంటుంది.

ముందు వీధి అరుగు మీద యంత్రాన్ని ప్రారంభించడానికి విశ్వంభరం గారు, నిపుణులు, ఢిల్లీ నుంచి పరిశీలకులు ఇద్దరు వచ్చారు. సూరయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలు మీద పెట్టె పెట్టారు.

"మాట్లాడు పెద్దాయనా. సంకోచం లేకుండా నీ అంతరంగమును ఆవిష్కరింపుము" అన్నారు విశ్వంభరం గారు.

సూరయ్య పెట్టెని చూశాడు. "దీంతోటా?"

"ఊ" అంది పెట్టె.

అందరూ చప్పట్లు కొట్టారు. సూరయ్యకి కాస్త ధైర్యం వచ్చింది. "అలగైతే సెప్తాను. నా ఎద్దు సచ్చిపోనాది."

కాసేపాగి పెట్టె "ఊ" అంది.

"మంచి ఎద్దు. దాని కోసరం నాను ఏడిత్తే అందరూ నవ్వినారు. ఇంతమంది సార్లొచ్చి నా ముందర పెట్టెట్టినారు. నాకు పిచ్చెత్తిందనుకుంటన్నారేటి?"

"ఊ" అంది పెట్టె.

సూరయ్య లేచి నిలబడ్డాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఆ ముక్క మనిసి సేత సెప్పించనేకపోనారా బాబూ" అని వెళ్లిపోయాడు. ముందు వీధి మొత్తం అతని వెనకే వెళ్లిపోయింది. ఖాళీ కుర్చీ ముందు విశ్వంభరం గారు వివరణ ఇస్తున్నంతసేపూ పెట్టె ఊ అంటూనే ఉంది. ఢిల్లీ వాళ్లు ఏదో రాసుకున్నారు.

వారం తర్వాత, మధ్యాహ్నం పూట, జోగమ్మ గురించి నాలుగో ఉత్తరం పట్టుకుని విశ్వంభరం గారి గదికి వెళ్లాను. అప్పటికి పరిశోధన మొదలై పద్నాలుగు నెలలు. జోగమ్మ మార్కులు ఇరవై ఐదు. ఈ నెల మంచం దిగలేదు.

ఆయన ఉత్తరం తీసుకోలేదు. ఢిల్లీ నుంచి వచ్చిన కాగితం చూస్తూ కూర్చున్నారు. కరెంటు లేదు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"కూర్చోమ్మా" అన్నారు. అలా అనడం అదే మొదటిసారి.

కూర్చున్నాను.

"యంత్రం ప్రాజెక్టు తిప్పి పంపేశారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత అవమానం లేదు. నిన్న మీటింగులో హైమవతి నా మొహం మీదే నవ్వింది."

నేను తటస్థ ముఖం పెట్టాను.

"ఇంట్లో చెబుదామంటే మా ఆవిడ టీవీలోంచి తల తిప్పదు. మా అబ్బాయి మెసేజీ పెట్టమంటాడు. ఆఫీసులో ఎవరితో ఏమన్నా 'యస్సార్' అంటారు, అంతటితో అయిపోయింది. నిద్ర పట్టడం లేదమ్మా. నేనూ మనసు వైద్యుణ్ణే, నాకు తెలుసు ఇది ఏమిటో. మొదట్లో రోగుల్ని చూసేవాణ్ణి, తెలుసా? శ్రీకాకుళంలో. ఒక ముసలమ్మ వారం వారం వచ్చి..."

ఆగారు. నావైపు చూశారు.

"వింటున్నావా?"

"వింటున్నాను సార్."

"ఒక ముసలమ్మ వారం వారం వచ్చేది. ఆవిడ..." మళ్లీ ఆగారు. గొంతు సవరించుకున్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అదేమిటి, మాట సాగడం లేదు. నువ్వు ఊ అనవేం?"

"సర్క్యులర్ పదిహేడు సార్."

"అది క్షేత్రంలో కదా."

"సవరణ రెండు సార్. కార్యాలయ ప్రాంగణం, అందులోని సమస్త వ్యక్తులు. సంతకం మీదే."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. నాకు ఆయన మీద కోపం పోయి జాలి వేసింది. ఊ అనకుండా నాలుక కరుచుకుని కూర్చున్నాను. అలా కూర్చోవడం ఎంత పాపపు పనో పది నెలలుగా నాకు తెలుసు, ఆయనకి అప్పుడే తెలుస్తోంది.

"ఇంత కష్టంగా ఉంటుందా?" అన్నారు చివరికి.

"మీకు ఐదు నిమిషాలైంది సార్. జోగమ్మకి పది నెలలు దాటింది."

ఆయన చెయ్యి చాపి నా ఉత్తరం తీసుకున్నారు. రెండుసార్లు చదివారు. దాని మీద, 'సదరు పార్టిసిపెంటును మానవతా దృక్పథముతో శాంపిల్ నుండి విముక్తురాలిని చేయడమైనది. వైద్యము నిమిత్తము పోవచ్చును' అని రాసి సంతకం పెట్టారు. స్టాంపు కోసం సొరుగు వెతుకుతూ తల ఎత్తకుండానే, "ఆ ముసలమ్మ పేరు కూడా నాకింకా గుర్తుంది" అన్నారు.

"ఊ" అన్నాను.

ఆ తర్వాత గంటన్నర అన్నాను. ఆయన ఏం చెప్పారన్నది ఆయన సొంత విషయం.

గురువారం జోగమ్మని ఆటోలో జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లాను. పెద్దసారు కాగితం ఆమె చేత్తోనే పట్టుకుంది. ఎక్కడ అడిగితే అక్కడ చూపించడానికి. ఎవరూ అడగలేదు. చీటీ రాయించుకుని బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాం. లోపల డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది, కళ్ల కింద నల్లగా చారలు, బయట ఇంకా ఎనభై మంది. అయినా పెన్ను పక్కన పెట్టి జోగమ్మ చెయ్యి పట్టుకుంది. జోగమ్మ పైడితల్లి గురించి చెప్పింది. గంప గురించి, క్యారేజీల గురించి చెప్పింది. డాక్టరమ్మ ఊ అంది, అంటూనే నాడి చూసింది.

"ఎన్నాళ్లయిందమ్మా ఇలా?"

"పదేను నెల్లవుతాది తల్లీ."

"పదిహేను నెలలా? ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదా?"

"సెప్పకేం తల్లీ" అంది జోగమ్మ, నన్ను చూపించి, ఎంతో ఆప్యాయంగా. "నెల నెలా సెప్పినాను. ఈయమ్మొచ్చి అంతా రాసుకుని ఎల్లిపోయీది."

డాక్టరమ్మ నావైపు చూసింది. మెడలో వేలాడుతున్న కేంద్రం గుర్తింపు కార్డుని నేను పైట కిందికి జరుపుకున్నాను.